ఇంట్ల వీణ వాయించే ఆడామె బొమ్మ: చూసి అర్థం చెప్పుడు ఎట్ల?

ఒకటే ప్రశ్న తిప్పి తిప్పి అడుగుతున్నరు. "అన్నా, మా హాల్‌ల నిర్మల్ పెయింటింగ్ ఉన్నది, ఒకామె కూసొని వీణ వాయిస్తుంటది, దానర్థం ఏంది" అని ఒకరు, "ఫైన్ ఆర్ట్స్ ఎంట్రెన్స్‌ల బొమ్మ ఇచ్చి దీని గురించి రాయుమంటరట, ఏం రాయాలె సార్" అని ఇంకొకరు, "మా బిడ్డకు స్కూల్ ప్రాజెక్ట్ ఇచ్చిన్రు, వెర్మీర్ అంట, పియానో కాడ ఒకామె నిలబడ్డది" అని ఒక అమ్మ. అందరికీ విడివిడిగ చెప్పుడు అయితలేదు, అందుకే ఒక్కకాడ రాసి పెడుతున్న. (అమ్మా, అది పియానో కాదు, ఎందుకు కాదో 3వ స్టెప్పుల చెప్త.)

రూలు ఒక్కటే. మీరు చెప్పే ప్రతి మాటకు బొమ్మల వేలు పెట్టి చూపియ్యగలగాలె. చూపియ్యలేని మాట రాయకండి. థియరీ ఇంతకు మించి ఏం చెప్ప, పని చేసుకుంటపోతే మిగతాది అదే తెలుస్తది.

ఏమేం కావాలె

పెద్దగ చూసే వీలున్న బొమ్మ. ఇంట్ల ఒరిజినల్ ఉంటే పొద్దటిపూట కిటికీ దగ్గరికి తెచ్చి చూడండి, ట్యూబ్‌లైట్ కింద బంగారు గీతలన్నీ మెరిసి కింద ఉన్నది కనబడది. నెట్‌ల చూసేదైతే మ్యూజియం వెబ్‌సైట్‌లకే పోండి, లండన్ నేషనల్ గ్యాలరీ, ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్‌మ్యూజియం వాళ్ళు ఫ్రీగనే పెద్ద సైజుల పెడ్తరు, దారపు పోగు దాకా జూమ్ అయితది. వాట్సాప్‌ల వచ్చిన ఫార్వర్డ్ మీద మాత్రం ఎన్నడూ పని చెయ్యొద్దు, అంచులు కోసి ఉంటరు, రంగులు పెంచి ఉంటరు, ఒక్కోసారి కుడి ఎడమ తిప్పి ఉంటరు.

ఒక నోట్‌బుక్. పేజీ నడుమ నిలువు గీత కొట్టి ఎడమ దిక్కు "కనబడేది", కుడి దిక్కు "నేను అనుకునేది" అని రాసుకోండి. మొత్తం కథ ఈ గీత మీదనే ఆధారపడి ఉంటది.

తెల్ల కాగితం ముక్కలు రెండు, బొమ్మల కొంత భాగం మూసి చూసేటందుకు. ఫోన్‌ల బొమ్మను అద్దంల లెక్క తిప్పే ఆప్షన్, బ్లాక్ అండ్ వైట్ ఫిల్టర్. ఒక గంట టైం. ఇంకా, ఆ బొమ్మ అస్సలు చూడని మనిషి ఒకరు, చివర చెక్ చేసుకునేటప్పుడు పనికొస్తరు, ఫోన్‌ల దొరికినా చాలు.

స్టెప్ 1. నోరు మూసుకొని లెక్కపెట్టుడు

మొదటి పది నిమిషాలు ఎడమ కాలమ్ మాత్రమే నింపాలె. వస్తువులు, మనుషులు, ఎవరు ఎటు తిరిగి ఉన్నరు, ఏది ముందు, ఏది వెనక. "విషాదంగ ఉంది", "భక్తిగ ఉంది", "ప్రియుని కోసం ఎదురుచూస్తున్నది" ఇవన్నీ కుడి కాలమ్ మాటలు, ఇప్పుడే రాస్తే ఇగ మీ కన్ను వేరే ఏదీ చూడది, రాసిన మాటకు సాక్ష్యం ఏరుకుంట తిరుగుతది.

ఉదాహరణకు డచ్ చిత్రకారుడు వెర్మీర్ (1632–1675, డెల్ఫ్ట్ ఊరాయన) వేసిన బొమ్మ తీసుకుందాం. ఇప్పుడు "ది మ్యూజిక్ లెసన్" అని పిలుస్తరు, 1660ల నడుమ వేసింది, లండన్ల రాజుగారి కలెక్షన్ల ఉంది, ఎత్తు ఇంచుమించు 74 సెంటీమీటర్లు. ఎడమ కాలమ్ ఇట్ల ఉండాలె: పొడుగు గది. ఎడమ దిక్కు కిటికీలు, వెలుతురు అటు నుంచే వస్తుంది. నేల మీద నలుపు తెలుపు బండలు. మన దగ్గర్ల టేబుల్, దాని మీద మందపాటి తివాచీ, వెండి పళ్ళెంల తెల్ల కూజా. నీలం కుర్చీ ఖాళీ. నేల మీద పడుకోబెట్టిన పెద్ద తీగల వాయిద్యం. గది చివర ఒకామె, ఎర్ర పావడ, మన దిక్కు వీపు. ఆమె పక్కన నల్ల బట్టలల్ల ఒకాయన నిలబడి ఉన్నడు. ఆమె తల మీదుగ గోడకు అద్దం, అద్దంల ఆమె ముఖం. వాయిద్యం మూత లోపల ఏదో రాసుంది. కుడి అంచున సగం కోసుకపోయిన ఇంకో బొమ్మ.

చూడండి, ఇంత రాసినా ఒక్క అభిప్రాయం రాలే. ఇరవై లైన్లు తక్కువ కాకుండ రాయండి. పది లైన్లకే అయిపోయిందంటే ఇంకా చూడలేదని అర్థం, మూలలు చూడండి, నేల చూడండి, ఆమె కాళ్ళ దగ్గర ఏమున్నదో చూడండి.

స్టెప్ 2. బొమ్మ తిరగబడి ఉందేమో చెక్ చేసుడు

ఇది చిన్న పని గని ఎవ్వరూ చెయ్యరు. మన వీణ వాయించే ఆమె మనకెదురుగ కూసుంటే పెద్ద కుండ ఆమె కుడి తొడ పక్కన నేల మీద ఉంటది, అంటే మనకు ఎడమ దిక్కు కనబడాలె. ఆమె కుడిచేయి తీగలు మీటుతది, ఎడమచేయి మెట్ల (మెడ మీద తీగల కింద ఉండే అడ్డపట్టీల) మీద ఉంటది, చిన్న బుర్ర ఎడమ తొడ మీద. చీర కొంగు ఎడమ భుజం మీద, అంటే మనకు కుడి దిక్కు. రెండూ ఉల్టా ఉంటే బొమ్మను ఎవరో తిప్పిన్రు, ఫోన్‌ల మళ్ళా తిప్పి సరి చేసుకోండి. కొంగు సరిగ్గ ఉండి వీణ ఒక్కటే ఉల్టా ఉంటే గీసినాయన వీణను దగ్గర్ల చూసి గీయలేదన్నట్టు, అది కూడా ఎడమ కాలమ్‌ల రాసుకోండి, తర్వాత పనికొస్తది. జాగ్రత్త ఏందంటే గుజరాతీ కట్టుల కొంగు కుడి భుజం మీదికెల్లి ముందటికి వస్తది, కట్టు ఏ ప్రాంతందో చూసుకోకుండ తిప్పెయ్యకండి.

స్టెప్ 3. వాయిద్యం పేరు సరిగ్గ పట్టుకొనుడు

ఎక్కువమంది ఇక్కడనే పడిపోతరు. తీగలుంటే వీణ, వేలితోని నొక్కే మెట్లుంటే పియానో అని రాసేస్తరు. వాయిద్యం తప్పయితే కాలం తప్పయితది, ప్రాంతం తప్పయితది, మొత్తం చదువే పక్కకు పోతది.

మన దిక్కు బొమ్మలల్ల ఇట్ల గుర్తుపట్టండి. ఒక కొనకు పెద్ద కుండ, ఇంకో కొన దగ్గర కింద చిన్న బుర్ర, చివర యాళి (సింహం అసొంటి కల్పిత జంతువు) ముఖం, మెట్లు 24, తీగలు 7 (నాలుగు వాయించేటివి, మూడు తాళానికి): ఇది మన సరస్వతి వీణ. నడుమ సన్నటి గొట్టం, కింద రెండు పెద్ద పెద్ద గుమ్మడి బుర్రలు సమానంగ, ఒక బుర్ర భుజం మీదికి వచ్చి ఉంటే అది రుద్రవీణ, ఉత్తరాది వాళ్ళు బీన్ అంటరు, పాత రాగమాల (ఒక్కో రాగాన్ని మనిషి రూపంల చూపించే) బొమ్మలల్ల కనబడేది ఎక్కువగ ఇదే. పొడుగు మెడ, ఒక్క బుర్ర, మెడ మీద వంపు తిరిగిన మెట్లు ఉంటే సితార్. మెట్లే లేకుండ నాలుగు తీగలే ఉంటే తంబుర. తంబుర ఉందంటే ఆమె వాయించుడు అసలు పని కాదు, ఆమె పాడుతున్నది, తంబుర శ్రుతికి. ఈ ఒక్క తేడాతోని మీ జవాబు మారిపోతది, ఆమె నోరు చూడాల్సి వస్తది.

యూరప్ బొమ్మలల్ల: డబ్బా లెక్క ఉండి ముందట వేలితోని నొక్కే మెట్లుంటే, బొమ్మ 1600ల నాటిదైతే, అది పియానో కానే కాదు. పియానో ఇటలీల 1700 ఆ చుట్టుపక్కల తయారైంది. ఆ డబ్బా పేరు వర్జినల్, మెట్టు నొక్కితే లోపల పక్షి ఈక ముక్క తీగను గిల్లుతది, పియానోల అయితే సుత్తి వచ్చి కొడుతది. ఇగ చేతుల పట్టుకునేటివి: సగం కోసిన బేరీపండు అసొంటి ఒళ్ళు, మెడ చివర వెనక్కి విరిగినట్టు ఉంటే ల్యూట్, నడుం ఉంటే గిటార్. నేల మీద పడుకోబెట్టి ఉన్న పెద్దది మామూలుగ వయోలా డ గాంబా, ఆరు తీగలు, మెడ మీద మెట్లు, మోకాళ్ళ నడుమ పెట్టుకొని కమానుతోని వాయిస్తరు. చెల్లో అని రాయకండి, చెల్లోకు నాలుగు తీగలు, మెట్లుండయి.

గుర్తుపట్టకపోతే ఏం చెయ్యాలె? అడ్డగోలుగ పేరు పెట్టకండి. "మెడ పొడుగున్న తీగల వాయిద్యం, ఒడిల అడ్డంగ పెట్టుకుంది" అని రాయండి, తప్పు పేరు కన్నా అది నయం.

స్టెప్ 4. చేతులు, నోరు, కండ్లు

జూమ్ చేసి చేతులు చూడండి. ఆమె నిజంగ వాయిస్తున్నదా? వేళ్ళు తీగ మీద ఉన్నయా, గాల్లో ఉన్నయా, లేకపోతే బిరడ (తీగను బిగించే మేకు) మీద ఉన్నయా? బిరడ మీద చెయ్యి ఉంటే అది వాయించుడు కాదు, శ్రుతి చేసుడు. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంల వెర్మీర్‌దే ఇంకో బొమ్మ ఉన్నది, ల్యూట్ పట్టుకున్న ఆమె, చెయ్యి బిరడ దగ్గర, చూపేమో కిటికీ దిక్కు. చాలామంది దాని మీద "సంగీతంల లీనమైంది" అని రాస్తరు, ఆమె ఇంకా మొదలే పెట్టలేదు కదా! చెవి ఇక్కడ, కన్ను బయట. ఎవరన్న వచ్చే టైం అయిందా, బయట ఏమన్న చప్పుడు వినబడ్డదా, ఇవన్నీ కుడి కాలమ్ ప్రశ్నలు, ఈ ప్రశ్నలు పుట్టింది బిరడ మీద చెయ్యి చూసినందుకే.

తర్వాత కండ్లు. ఆమె వాయిద్యాన్ని చూస్తున్నదా, కాయితాన్నా, పక్క మనిషినా, మననా? మనను చూస్తుంటే వాయించుడు మనవల్ల ఆగినట్టు లెక్క, అంటే బొమ్మల లేని ఇంకో మనిషి గదిలకు వచ్చిండు, ఆ మనిషి జాగల చూసేటోళ్ళు మనం నిలబడి ఉన్నం.

మ్యూజిక్ లెసన్‌ల దీన్ని చెక్ చెయ్యండి, మస్తు మజా వస్తది. వెనకకెల్లి చూస్తే ఆమె తల సూటిగ వాయిద్యం మీదికే ఉన్నట్టుంటది. అద్దంల ముఖం చూస్తే జరంత ఆ మొగాయన దిక్కు తిరిగి ఉంటది. తెల్ల కాగితంతోని అద్దం మూసి ఒకసారి, తెరిచి ఒకసారి చూడండి. మూస్తే శ్రద్ధగ పాఠం నేర్చుకునే అమ్మాయి, తెరిస్తే ఇద్దరి నడుమ ఏదో ఉన్న కథ. అద్దం పై భాగంల చిత్రకారుని స్టాండు కాలు కూడా కనబడుతది, అంటే ఆ గదిల మూడో మనిషి ఉన్నడు.

స్టెప్ 5. ఇది ఇల్లేనా? ఇల్లయితే ఎవరి ఇల్లు?

"ఇంట్ల సంగీతం" అని రాసే ముందు ఇల్లు అనేటందుకు గుర్తులు చూపియ్యాలె. గోడ, గడప, దీపం, కుర్చీ, పరుపు, కుండ. చెట్టు, గడ్డి, జింక ఉంటే ఇల్లు కాదు. మన దిక్కు ఇండ్లల్ల ఉండే నిర్మల్ బొమ్మలు చెక్క మీద నల్లగనో ముదురు రంగుతోనో పూత పూసి, పైన బంగారు రంగు గీతలతోని వేస్తరు, అజంతా, మొఘల్ బొమ్మల ఛాయలు ఎక్కువ. వెనక అంతా నలుపే కాబట్టి అది గది అనో అడవి అనో రాత్రి అనో ఎవరికి తోచింది వాళ్ళు రాస్తరు. నలుపు అక్కడ పద్ధతి, అది రాత్రి కావాలంటే చంద్రుడో దివ్వెనో చూపియ్యాలె. వీణ పట్టుకున్న ఆమె పక్కన జింకలుంటే అది పాత రాగమాల బొమ్మలల్ల తోడి రాగిణిని చూపించే పద్ధతి, పాట విని జింకలు దగ్గరికి వచ్చినయని. అది మీ అమ్మమ్మ ఇంటి హాల్ల ఎన్ని ఏండ్లు వేలాడినా సరే, బొమ్మల మాత్రం ఇల్లు లేదు.

ఇంకొకటి, వీణ ఉందనగానే సరస్వతి అని రాసుడు. మనకు బాసర దగ్గర కదా, అలవాటు. నాలుగు చేతులు, పుస్తకం, జపమాల, హంసనో నెమలినో, ఇవి ఉంటేనే అమ్మవారు. రెండు చేతులే ఉండి, మెడల పుస్తె ఉండి, పక్కన తమలపాకుల పళ్ళెం ఉంటే ఆమె ఒక ఇల్లాలు, ఆమెను దేవతను చేసి మాట్లాడితే ఆమె గురించి ఏం చెప్పనట్టే. క్యాలెండర్ సరస్వతి మన కండ్లల్ల ఇంత గట్టిగ కూసుండేటందుకు కారణం రాజా రవివర్మ (1848–1906), ఆయన 1894ల ప్రెస్ పెట్టి అచ్చు బొమ్మలు తీసినంక దేవుండ్లు ఇంటింటికి వచ్చిన్రు.

ఖాళీలు కూడా చూడాలె. ఖాళీ కుర్చీ, నేల మీద ఎవరూ వాయించని రెండో వాయిద్యం, రెండు గ్లాసులు ఉండి ఒక్క మనిషే ఉండుడు. లేని మనిషి గురించి బొమ్మ చెప్పేది వీటితోనే. మ్యూజిక్ లెసన్‌ల గాంబా నేల మీద పడుకొని ఉంది. ఇద్దరు కలిసి వాయించొచ్చు, వాయిస్తలేరు. ఇది ఎడమ కాలమ్. ఎందుకు వాయిస్తలేరు అనేది కుడి కాలమ్.

స్టెప్ 6. గోడ మీద ఏముంది, అక్షరాలేమున్నయి

బొమ్మల ఇంకో బొమ్మ వేలాడుతుంటే దాన్ని వదలకండి. లండన్ నేషనల్ గ్యాలరీల వెర్మీర్‌వి రెండు బొమ్మలు ఉన్నయి, రెండూ 1670–72 ఆ టైంవి, ఇంచుమించు ఒకటే సైజు. ఒకదాంట్ల ఆమె వర్జినల్ కాడ నిలబడ్డది, కిటికీకెల్లి వెలుతురు బాగ వస్తుంది, ఎనక గోడకు మన్మథుడు ఒక కార్డు పైకెత్తి చూపిస్తున్న బొమ్మ, ముందట ఖాళీ కుర్చీ. ఇంకోదాంట్ల ఆమె కూసున్నది, కిటికీ మూసి ఉంది, గది చీకటి, ముందట గాంబా, గోడకేమో వాన్ బాబురెన్ అనేటాయన 1622ల వేసిన బొమ్మ, దాంట్ల డబ్బులకు ఆడామెను కుదిర్చే ముసలామె, ల్యూట్ వాయించే అమ్మాయి, ఒక గిరాకి. ఆ బాబురెన్ బొమ్మ వెర్మీర్ అత్తగారి ఇంట్ల నిజంగనే ఉండేది. అదే బొమ్మను ఆయన "ది కన్సర్ట్" అనే ఇంకోదాంట్ల కూడా పెట్టిండు, ఆ కన్సర్ట్‌ను 1990ల బోస్టన్‌ల దొంగలు ఎత్తుకపోయిన్రు, ఇప్పటి దాకా దొరకలే.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి ఒకటి నమ్మకమైన ప్రేమ, ఒకటి కొనుక్కునే ప్రేమ అని చదివేటోళ్ళు ఉన్నరు, అసలు ఇవి జోడే కాదనేటోళ్ళూ ఉన్నరు. మీరు ఏ దిక్కు నిలబడ్డా సరే, వేలు పెట్టేది గోడ మీది బొమ్మ మీదనే పెట్టాలె. జాగ్రత్త: గోడ మీద ఆ బొమ్మ ఉంది కాబట్టి వాయించే ఆమె అసొంటిదే అని తీర్పు చెప్పకండి. హెచ్చరిక కావచ్చు, పోలిక కావచ్చు, ఉల్టా కావచ్చు.

అక్షరాలు కనబడితే ఎట్లన్న చేసి చదవండి. మ్యూజిక్ లెసన్‌ల వర్జినల్ మూత మీద లాటిన్ల ఉన్న మాటకు అర్థం, సంగీతం సంతోషానికి తోడు, దుఃఖానికి మందు అని. ఆ మొగాయన తోడా మందా, లేక ఆయనే దుఃఖమా, అది మీరు తేల్చాలె.

స్టెప్ 7. రంగులు (దీని మీద ఎక్కువ టైం పెట్టకండి)

"ఎరుపు అంటే కోపం, నీలం అంటే విషాదం" అనే పట్టిక ఎవరన్న ఇస్తే చింపి పారెయ్యండి. మన చేర్యాల పటాలు చూడండి, వెనక అంతా ఎరుపే ఉంటది, పెండ్లైనా యుద్ధమైనా ఎరుపే. మార్కండేయ పురాణం చెప్పే కూనపులోళ్ళు పటం విప్పి పద్మశాలోళ్ళ ముందట పాడుకుంట చెప్తరు, ఆ పటంల ఎరుపు కోపమైతే రాత్రంతా కోపంతోనే కూసోవాలె. చిత్రకారుడు తోట వైకుంఠం గారి ఆడోళ్ళూ అంతే, ఆయన 1942ల పాత కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిల పుట్టిండు, ఆయన బొమ్మలల్ల పెద్ద బొట్టు, కడక్ రంగుల చీరలు మా ఊర్లల్ల చూసే వేషమే, ప్రతి బొట్టునూ "ఉదయించే సూర్యుడు" అని రాయకండి.

రంగుల గురించి పనికొచ్చే పని ఒక్కటే: బ్లాక్ అండ్ వైట్ ఫిల్టర్ పెట్టి అన్నిటికన్న తెల్లగ ఏదుందో చూడండి. ముఖమా, చెయ్యా, వాయిద్యమా, కూజానా? మీ కన్ను ముందుగల్ల అటే పోతది, మీ జవాబు అక్కడ మొదలు పెట్టొచ్చు.

స్టెప్ 8. ఇప్పుడు గూగుల్

ఇంతదాకా వచ్చినంకనే పేరు, ఏడాది, ఎవరి కోసం వేసిన్రు అనేది చూడండి. ముందే చూస్తే వేరేటోళ్ళ మాట మీ నోట్ల కూసుంటది. పేరును మాత్రం గుడ్డిగ నమ్మొద్దు. మ్యూజిక్ లెసన్ అనేది వెర్మీర్ పెట్టిన పేరు కాదు, తర్వాతి కాలం వాళ్ళు పెట్టింది, పాఠం చెప్తున్నట్టు బొమ్మల ఎక్కడా ఖాయంగ లేదు. 1762ల ఇంగ్లండ్ రాజు మూడో జార్జి కొన్నప్పుడు అసలు అది వెర్మీర్‌దని కూడా అనుకోలే, ఫ్రాన్స్ వాన్ మీరిస్ అనే ఇంకొకాయనది అనుకున్నరు. పేరూ మారుతది, గీసినాయనా మారుతడు, మీ ఎడమ కాలమ్ మాత్రం మారది.

మన బొమ్మలైతే ఇంకో ప్రశ్న తప్పకుండ అడగాలె: ఆ కాలంల ఇట్ల కూసొని వాయించేటందుకు ఎవరికి వీలుండేది? రవివర్మ 1889ల మైసూర్ మహారాజు కోసం ఒక బొమ్మ వేసిండు, 11 మంది ఆడోళ్ళు, వేరువేరు ప్రాంతాల బట్టలు, వాయిద్యాలు, ఇప్పుడు మైసూర్ జగన్మోహన్ ప్యాలెస్‌ల ఉంది. సంగీతం వృత్తిగ ఉన్నోళ్ళు, ఇంట్ల నేర్చుకున్నోళ్ళు అప్పట్ల వేరువేరు లోకాలు, నగలు, కట్టు, కూసున్న తీరు చూసి ఎవరు ఎవరో అడగాలె.

స్టెప్ 9. కుడి కాలమ్, ఆ తర్వాత జవాబు

ఇప్పుడు రాయండి, ప్రతి మాట పక్కన "ఎందుకంటే" పెట్టి, ఎడమ కాలమ్‌ల ఏ లైను నుంచి వచ్చిందో దాని నంబర్ వెయ్యండి. నంబర్ లేని మాట కొట్టెయ్యండి. సగం పోతయి, పోనియ్యండి.

ఎక్కువగ వచ్చే జవాబు ఇట్ల ఉంటది: "ఈ చిత్రంలో ఒక స్త్రీ సంగీత సాధనలో లీనమై ఉంది. సంగీతం దైవికమైనది. చిత్రకారుడు వెలుగునీడలను అద్భుతంగా చూపించాడు." ఇది ఏ బొమ్మకైనా అతుకుతది కాబట్టి ఏ బొమ్మకూ పనికిరాదు.

ఇట్ల రాసి చూడండి: "చిత్రకారుడు మనల్ని వాళ్ళకు దూరంగ నిలబెట్టిండు, నడుమ తివాచీ కప్పిన టేబుల్, ఖాళీ కుర్చీ, నేల మీద వాయిద్యం అడ్డం ఉన్నయి. ఆమె వీపు మన దిక్కు ఉంది, ముఖం అద్దంల మాత్రమే దొరుకుతుంది, అది పక్కాయన దిక్కు కొంచెం తిరిగి ఉంది. వాయిద్యం మీది మాట సంతోషం, దుఃఖం రెండింటినీ తలుస్తుంది, ఈ ఇద్దరి నడుమ ఏది ఉందో బొమ్మ తేల్చదు. రెండో వాయిద్యం ఎవరూ పట్టకుండ పడి ఉండుడు చూస్తే కలిసి వాయించుడు అయిపోయిందో, ఇంకా మొదలు కాలేదో అనిపిస్తుంది." అద్భుతం అనే మాట లేదు, అయినా చూసినోడు రాసిండని తెలుస్తది.

సరిగ్గ వచ్చిందా, చెక్ చేసుడు ఎట్ల

ఫోన్ పరీక్ష: బొమ్మ చూడని మనిషికి మీ ఎడమ కాలమ్ చదివి వినిపించి, గీయమనండి. కర్ర బొమ్మలైనా సరే. ఆయన గీసినదాంట్ల ఆమె మన దిక్కు చూస్తుంటే, మీరు వీపు అని చెప్పుడు మర్చిపోయిన్రు. దీంతోని తప్పులన్నీ అక్కడికక్కడే బయటపడుతయి.

మార్పిడి పరీక్ష: నేషనల్ గ్యాలరీల ఆ రెండు బొమ్మలు చెప్పిన కదా, మీరు ఒకదాని మీద రాసిన వాక్యాన్ని రెండోదాని కింద పెట్టి చదవండి. అట్లనే సరిపోతే ఆ వాక్యం కొట్టెయ్యండి. ఇంట్ల బొమ్మకైతే క్యాలెండర్ సరస్వతి కింద పెట్టి చదవండి.

మూసే పరీక్ష: మీరు ముఖ్యం అన్న వస్తువును కాగితంతోని మూసి చూడండి. మూసినా మీ అర్థం అట్లనే నిలబడితే ఆ వస్తువు మీద మీరు బరువు ఎక్కువ పెట్టిన్రు.

వాయిద్యమే లేకపోతే?

ఇది కూడా మస్తుగ అడుగుతరు. మన ఊర్లల్ల ఇంట్ల ఆడోళ్ళ సంగీతం ఎక్కువ వంతు వాయిద్యం లేకుండనే నడిచింది, విసుర్రాయి తిప్పుకుంట, రోకలి పోటు వేసుకుంట, బిడ్డను ఊపుకుంట. సిద్దిపేట కాపు రాజయ్య గారు (1925–2012) అసొంటోళ్ళు మన పల్లె బతుకును బొమ్మలల్ల పట్టుకున్నరు. ఇసొంటి బొమ్మ వస్తే 3వ స్టెప్పుల వాయిద్యం బదులు పనిముట్టును వాయిద్యంగ చూడండి. ఇద్దరు రోకండ్లు వేస్తుంటే ఒకటి పైన, ఒకటి కింద ఉన్నదా? ఉంటే తాళం ఉన్నట్టు. విసుర్రాయి కాడ ఇద్దరి చేతులు ఒకటే పిడి మీద ఉన్నయా? నోర్లు తెరిచి ఉన్నయా, ఒకామె నోరే తెరిచి ఇంకొకామె మూసుకొని ఉన్నదా? అట్లుంటే ఒకామె పాట ఎత్తుకుంటది, ఇంకొకామె అందుకుంటది. బతుకమ్మ బొమ్మయితే చప్పట్లు చూడండి, అరచేతులు కలిసినయా, విడిగ ఉన్నయా, నడుములు వంగినయా, అందరి చేతులూ ఒకటే తీరు ఉన్నయా, వెనకబడ్డామె ఎవరన్న ఉన్నదా. ఇవేవీ లేకుండ ఊరికే పని చేస్తున్నట్టే ఉంటే అది పాట బొమ్మ కాదు, పని బొమ్మ, పాటను మీరు అంటగట్టకండి.

మీ ఇంటి బొమ్మ గురించి అడగాలనుకుంటే ఫోటో సరిగ్గ తీసి పంపండి. పగటిపూట, ఫ్లాష్ లేకుండ, సూటిగ ఎదురుంగ నిలబడి, ఫ్రేమ్ నాలుగు మూలలూ వచ్చేటట్టు ఒకటి, చేతులు వాయిద్యం దగ్గరికెల్లి ఒకటి, చెక్క వెనక దిక్కు ఒకటి, ఎందుకంటే దుకాణం చీటీనో సంతకమో వెనకనే ఉంటది. ఫోటో తీసే ముందు తడి బట్టతోని మాత్రం తుడవకండి, నిర్మల్ బొమ్మ మీద బంగారు గీత ఒక్కసారి లేస్తే మళ్ళా అతికియ్యరాదు, పొడి మెత్తటి బట్టతోని దుమ్ము దులిపితే చాలు.